పక్కసీటు

బహీయా బ్లాంకాలో పాత కార్ల కొట్టు, శనివారం పొద్దున.
ఈదురుగాలికి ధరల అట్టలు
అద్దాల మీద టపటపా కొట్టుకుంటున్నాయి.
ఫబ్రీసియో అనే కుర్రాడు, పనికి కొత్త,
సంతలో గుర్రం పళ్ళు చూపించినట్టు
ఒక్కో బానెట్టూ ఎత్తి ఇంజను చూపిస్తున్నాడు.
మా ఆయన చూడ్డం లేదు.

ఒస్వాల్దో ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాడు
మూడో నంబరు రోడ్డు మీద, దక్షిణంగా,
రియో గయ్యేగోస్ దాకా. మళ్ళీ వెనక్కి. మళ్ళీ.
నలభైమంది నిద్రని వీపు మీద వేసుకుని
తను మాత్రం రెప్ప వాల్చకుండా
తెల్లగీతని మింగుకుంటూ పోయాడు.
దారిలో ఒకచోట
సముద్రం రోడ్డు అంచుదాకా వస్తుందట.
ఎలా ఉంటుంది అని అడిగాను పెళ్ళయిన కొత్తలో.
"ఉంటుంది" అన్నాడు.
నిన్న మళ్ళీ అడిగాను.
"చూడాలి" అన్నాడు.

ఎర్ర పికప్‌లో ఎక్కాడు, కుడివైపు నుంచి.
స్టీరింగు వంక కన్నెత్తి చూడలేదు.
చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.
మోకాళ్ళు తగులుతున్నాయి, దిగాడు.
తెల్లకారులో తలదిండు మెడని ముందుకు తోస్తోంది:
"పాపం ఒప్పుకోడానికి చర్చిలో కూర్చున్నట్టుంది."
నల్లదాంట్లో తోలుసీటు. జారాడు. నవ్వాడు. దిగాడు.
నీలందాంట్లో అంతా బాగానే ఉంది కానీ
వేడినీళ్ళ ఫ్లాస్కు నిలబెట్టే చోటు లేదు.
మాతే ఆకు సొరబుర్రలో పోసి, నీళ్ళు వంచి
నడిపేవాళ్ళకి అందివ్వడం పక్కసీటు ధర్మం.
అన్నేళ్ళూ అందుకున్నవాడు
ఇప్పుడు అందిద్దామని ముచ్చటపడుతున్నాడు.

ఫబ్రీసియో నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు:
"అయ్యగారు ఒకసారి డ్రైవరు సీట్లో కూర్చుంటే..."
"డ్రైవర్ని నేనే" అన్నాను.
అరవై ఒకటో ఏట లైసెన్సు.
నేర్పింది మొగుడు కాదు, రొట్టెల వ్యాను తోలే ఇర్మా.
మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కానని
ఆ పిల్లాడికి చెప్పడం ఎందుకు?

చివరి వరసలో బూడిదరంగుది ఉంది,
పదకొండేళ్ళ ముసలిది, తలుపు మీద సొట్ట.
ఎవరో చాలాకాలం ప్రేమగా కూర్చున్న సీటు,
నడుం దగ్గర కాస్త కుంగి ఉంది.
ఎక్కాడు. తలుపేశాడు.
బయట గాలి మాట సగంలో తెగిపోయింది.
చూస్తుండగానే గడ్డం ఛాతీ మీద వాలింది,
నోరు కొంచెం తెరుచుకుంది.
ఇంట్లో మంచం మీద కూడా
ఒక చెవి మేల్కొనే పడుకునేవాడు.

మేమిద్దరం కారు బయట నిలబడ్డాం,
జ్వరం దిగిన బిడ్డ గదిలోలాగా.
ధర చెప్పాడు ఫబ్రీసియో, గుసగుసగా.
సొట్ట చూపించాను, గుసగుసగా.
టైర్లు చూపించాను. అద్దం మీద గీత చూపించాను.
గట్టిగా వాదిస్తే లేస్తాడేమోనని
పాపం వాడికి నోరు పెగల్లేదు.
నా జన్మలో అంత చవగ్గా
ఏ బేరమూ కుదరలేదు.

నడిపి చూస్తానని తాళం అడిగాను.
సీటు ముందుకు జరుపుకుని, అద్దం సర్దుకున్నాను.
అద్దంలో వెనక సీటంతా ఖాళీ.
ఈ కారులో నిద్రపోయేవాడు ఒక్కడే.
గేటు దాటగానే పడమటి గాలి
దబ్బున ఆయన వైపు తలుపుని గుద్దింది.
కారు ఒక జానెడు పక్కకి ఒరిగింది.
నేను సర్దుకున్నాను.

ఆయన కళ్ళు తెరవలేదు.
కుడికాలు మాత్రం చాపలో
లేని బ్రేకుని వెతికి, ఒకసారి నొక్కి,
ఊరుకుంది.